గడియారం చూసి వేసే మాత్ర

కేన్సర్ నొప్పికి మొదటిసారి మార్ఫిన్ రాసిన మందుల చీటీ ఒకటి తీసుకుని పంక్తి పంక్తీ చదివితే, ఒక వైద్యశాఖ నడక అంతా అందులో కనిపిస్తుంది. చీటీలో ఉండేది ఐదారు పంక్తులే. మార్ఫిన్ మాత్ర, 10 మిల్లీగ్రాములు: పొద్దున ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి ఒక్కొక్కటి, రాత్రి పదింటికి రెండు. పడుకునే ముందు విరేచనం మందు, రోజూ. మొదటి నాలుగైదు రోజులు వాంతుల మందు. పారాసిటమాల్ ఇంతకుముందు వేసుకుంటున్నట్టే. మధ్యలో నొప్పి తిరగబెడితే ఇంకో మార్ఫిన్ మాత్ర, వేసుకున్న టైము కాగితం మీద రాసి పెట్టుకోవాలి. బక్కచిక్కినవాళ్లకి, వయసు మీరినవాళ్లకి పదికి బదులు ఐదుతోనో, ఇంకా తక్కువతోనో మొదలుపెడతారు. మిగతా అమరిక అదే.

ఇందులో ఏ పంక్తీ ఊరికే రాసింది కాదు. నోటితో వేసుకునే మామూలు మార్ఫిన్ మాత్ర దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. అందుకే నాలుగు గంటల ఎడం. పాలు పొంగాక గిన్నె దించడం అందరికీ వచ్చు, పొంగు రాకముందే మంట తగ్గించడం ఇక్కడి విద్య. నొప్పి లేచి కూర్చున్నాక దాన్ని అణచడానికి ఎక్కువ మందు పడుతుంది. పైగా ‘మళ్లీ వస్తుందేమో’ అన్న భయం రోగిని వదలదు, ఆ భయమే నొప్పిని ఇంకొంచెం పెంచుతుంది. రాత్రి పదింటికి రెండు మాత్రలు ఎందుకంటే, తెల్లవారుజామున రెండింటికి ఆ మనిషిని నిద్రలేపకూడదు కాబట్టి. రోగి నిద్ర గురించి, పక్కన చాప వేసుకుని పడుకున్న భార్య నిద్ర గురించి ఎవరో కూర్చుని ఆలోచించి రాసిన పంక్తి అది.

విరేచనం మందు రోజూ ఎందుకు, వాంతుల మందు కొన్ని రోజులే ఎందుకు? మార్ఫిన్ తెచ్చే మగతకీ, వికారానికీ శరీరం కొద్దిరోజుల్లో అలవాటు పడిపోతుంది. మలబద్ధకానికి మాత్రం ఎన్నాళ్లయినా అలవాటు పడదు. నొప్పి పూర్తిగా తగ్గి, వారం రోజులుగా విరేచనం కాక, కడుపు ఉబ్బి, అన్నం సయించక బాధపడే రోగిని చూసినవాళ్లు ఆ రెండో పంక్తిని జన్మలో మరిచిపోరు.

చివరి పంక్తిలో లెక్క ఉంది. రోజు మొత్తం మీద నాలుగు పదులు, ఒక ఇరవై, కలిపి 60 మిల్లీగ్రాములు. అందులో ఆరో వంతు 10. మధ్యలో నొప్పి వస్తే వేసుకోవాల్సింది అంత. రోగి కాగితం మీద రాసిన టైములు మర్నాడు డాక్టరు చేతికి వస్తాయి. నాలుగుసార్లు అదనంగా వేసుకున్నట్టుంటే రోజువారీ డోసు ఆ మేరకు పెంచాలేమో చూస్తారు. కానీ ఆ నాలుగుసార్లూ పుండుకి కట్టు మార్చేటప్పుడో, స్నానానికి లేపినప్పుడో అయితే? అప్పుడు రోజంతటి డోసు పెంచితే మనిషి మగతలో పడిపోతాడు. కట్టు మార్చడానికి అరగంట, ముప్పావుగంట ముందు ఒక మాత్ర వేస్తే సరిపోతుంది. అందుకే ఎన్ని మాత్రలు వేసుకున్నారనే దాంతో పాటు ఎప్పుడు వేసుకున్నారో కూడా రాయమంటారు. ఆ అంకెల పక్కన ఏం జరిగిందో అడిగి తెలుసుకోగలిగితేనే ఆ కాగితానికి విలువ.

ఇలాంటి వైద్యం చేసేవాళ్లని మనం చాలా తేలిగ్గా దేవుళ్లని చేసేస్తాం. ‘పుణ్యం కట్టుకుంటున్నారమ్మా’ అంటాం. ఆ మాటలో గౌరవం ఉంది, నిజమే. ఆ గౌరవం చాటున వాళ్ల పనితనం కనపడకుండా పోతోందన్నది నా బాధ. మంచి మనసున్నవాళ్లు ఎవరైనా రోగి చెయ్యి పట్టుకోగలరు. పట్టుకున్న ఆ చేతిలో కండరం ఉండుండి చిన్నగా ఉలిక్కిపడటం గమనించి, ఒంట్లో మార్ఫిన్ పేరుకుంటోందేమో, కిడ్నీలు దెబ్బతింటున్నాయేమో అని అనుమానించి, ఆ సాయంత్రమే రక్తపరీక్ష చేయించి, మాత్రల మధ్య ఎడం పెంచడమో, మందు మార్చి ఫెంటనిల్‌కి వెళ్లడమో చేయాలంటే చదువు కావాలి. దాన్ని నేర్పే గురువులు, పరీక్షలు, తప్పులు దిద్దే పద్ధతి కావాలి. ఈ వైద్యశాఖ, పాలియేటివ్ మెడిసిన్, గత అరవై డెబ్బై ఏళ్లలో సంపాదించుకున్నది అదే. కనికరం ఎప్పుడూ ఉంది. దాన్ని నేర్పగలిగే, కొలవగలిగే, దిద్దుకోగలిగే పనిగా మార్చడం కొత్త.

ఆ మార్పుని మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ 1918లో ఇంగ్లండులో పుట్టారు. యుద్ధకాలంలో నర్సు శిక్షణ పొంది, నడుము నొప్పి వల్ల ఆ పని మానుకుని, ఆస్పత్రిలో రోగుల ఇంటి మంచిచెడ్డలు చూసే ఉద్యోగంలో చేరారు. 1948లో చనిపోయిన డేవిడ్ టాస్మా అనే పోలండు శరణార్థి ఆమె కట్టబోయే ఆశ్రయంలో ఒక కిటికీ కోసమని 500 పౌన్లు ఇచ్చి వెళ్లిన కథ అందరూ చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆ తరవాతి సంవత్సరాలు. లండన్‌లోని సెయింట్ ల్యూక్స్ ఆస్పత్రిలో సాయంత్రాలు ఆమె స్వచ్ఛందంగా నర్సు పని చేశారు. అక్కడ నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళ ప్రకారం మార్ఫిన్ ఇచ్చే అలవాటు అప్పటికే ఉంది. మిగతా ఆస్పత్రుల్లో రోగి నొప్పితో అరిస్తే తప్ప ఇచ్చేవారు కాదు. చనిపోతున్నవాళ్ల కోసం ఏదైనా చేయాలనుంటే ముందు డాక్టరు కమ్మని ఒక సర్జన్ ఆమెకి సలహా ఇచ్చారు. నర్సు చెబితే ఎవరూ వినని కాలం అది. ముప్పై దాటాక వైద్యవిద్యలో చేరి 1957లో డాక్టరయ్యారు.

1958 నుంచి ఏడేళ్లపాటు తూర్పు లండన్‌లో చివరి రోజుల రోగులుండే సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో ఆమె చేసిన పని చూస్తే, ఈ వృత్తికి పునాది ఎక్కడ పడిందో తెలుస్తుంది. వెయ్యిమందికి పైగా రోగుల వివరాలు నమోదు చేశారు: నొప్పి ఎక్కడ, ఎలాంటిది, ఏ డోసుకి తగ్గింది, ఎన్నాళ్లకి పెంచాల్సి వచ్చింది. మార్ఫిన్ మొదలుపెడితే డోసు ఆకాశానికి పెరుగుతూ పోతుందని, మనిషి బానిస అయిపోతాడని అప్పటి డాక్టర్లు గట్టిగా నమ్మేవారు. వేళకి ఇచ్చినప్పుడు చాలామందికి డోసు ఒక చోట నిలబడిపోతోందని ఆమె నోట్సు చూపించాయి. చావుకి దగ్గరైన మనిషి చెప్పేదాన్ని శాస్త్రానికి పనికొచ్చే సమాచారంగా అంతకు ముందు ఇంత ఓపికగా ఎవరూ రాసిపెట్టలేదు. నొప్పిలో శరీరంతోపాటు మనసు, ఇల్లు, అప్పులు, దేవుడి మీద కోపం కూడా కలిసి ఉంటాయని, వీటిలో దేన్ని వదిలేసినా మందు పూర్తిగా పనిచేయదని ఆమె చెప్పగలిగింది ఆ రాతల బలంతోనే. 1967లో దక్షిణ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచినప్పుడు వైద్యం, బోధన, పరిశోధన మూడూ ఒకే కప్పు కింద ఉండాలని పట్టుబట్టారు. అది ఆశ్రమంగా మిగిలిపోకుండా బడి అయింది.

ఆ బడిలో జరిగిన ఒక పరిశోధన అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. అప్పట్లో ఇంగ్లండులో బ్రాంప్టన్ కాక్‌టెయిల్ అని ఒక మిశ్రమం ఉండేది. మార్ఫిన్ గానీ హెరాయిన్ గానీ, దాంట్లో కొకెయిన్, కాస్త మద్యం, తీపికి సిరప్. తరాలుగా వాడుతున్నారు, రోగులకి హాయిగా ఉందంటున్నారు. హెరాయిన్ అయితే ఇంకా మేలని సాండర్స్‌కే నమ్మకం. రాబర్ట్ ట్వైక్రాస్ అనే యువ డాక్టరు 1970ల్లో అక్కడ పరిశోధకుడిగా చేరి, ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టారు. హెరాయిన్‌కీ మార్ఫిన్‌కీ చెప్పుకోదగ్గ తేడా లేదని, కొకెయిన్ వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదని తేలింది. దాంతో కాక్‌టెయిల్ పోయింది. నీళ్లలో కలిపిన ఉత్త మార్ఫిన్ మిగిలింది. తమ ఇంటి మందునే తూకం వేసి, తక్కువ తూగితే పక్కన పెట్టేసే నిజాయితీ అది. ఈ రోజు ఆదిలాబాద్‌లోనో, అనంతపురంలోనో చవకగా ఒక మార్ఫిన్ మాత్రతో నొప్పి తగ్గించవచ్చంటే, మందు ఇంత సాదాగా మిగలడమే దానికి కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో కేన్సర్ నొప్పికి మార్గదర్శకాలు ప్రకటించినప్పుడు నోటితో, గడియారం ప్రకారం, మెట్టు మెట్టుగా ఇవ్వమని చెప్పగలిగిందీ అందుకే. ఖరీదైన మిశ్రమాల మీద ఆధారపడిన వైద్యం పేద దేశాలకి చేరేది కాదు.

పనిముట్ల విషయంలోనూ ఇలాంటి చూపే కనిపిస్తుంది. మింగలేని రోగికి ప్రతి నాలుగు గంటలకీ ఇంజెక్షన్ పొడవడం ఎంత హింసో ఊహించండి. మార్టిన్ రైట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు-డాక్టరు తలసీమియా పిల్లలకి చర్మం కింద మందు నెమ్మదిగా ఎక్కించడానికి బ్యాటరీతో నడిచే చిన్న సిరంజి పంపు తయారుచేశారు. 1979లో పాట్రిక్ రస్సెల్ దాన్ని అంత్యదశ రోగులకి వాడి చూశారు. పొట్ట మీదో ఛాతీ మీదో చర్మం కింద ఒక సన్నటి సూది, అరచేతిలో పట్టే పంపు. అందులో రోజంతటికీ సరిపడా నొప్పి మందు, వాంతుల మందు కలిపి ఒకే సిరంజిలో. రోగి ఇంట్లో తన మంచం మీదే ఉండొచ్చు. వేరొకరి జబ్బు కోసం పుట్టిన పరికరాన్ని చూసి ‘ఇది మావాళ్లకి పనికొస్తుంది’ అనుకోగలగడం పక్కనే కూర్చుని రోగి అవస్థ చూసినవాళ్లకే సాధ్యం.

ఆయాసం సంగతి ఇంకా చిన్నగా ఉంటుంది, నాకు ఇంకా నచ్చుతుంది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లకి ఆక్సిజన్ లెవెలు బాగానే ఉన్నా ఊపిరాడనట్టు ఉంటుంది. ముఖానికి గాలి తగిలితే హాయి అని మనకి తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లకి విసనకర్రతో విసిరినవాళ్లందరికీ తెలుసు. ఆ తెలిసినదాన్ని కేంబ్రిడ్జిలో పరీక్షించారు. 2010లో వెలువడిన ఆ అధ్యయనంలో 50 మంది రోగులు. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను గాలిని ఐదు నిమిషాలు ముఖానికి, ఇంకోసారి కాలికి తగిలేట్టు పెట్టి, ఏది మేలో అడిగారు. ముఖానికి తగిలినప్పుడే ఆయాసం తగ్గింది. బుగ్గల మీద, ముక్కు చుట్టూ ఉన్న నరాలకి చల్లదనం తగిలి మెదడుకి చేరే సంకేతం మారడం దీనికి కారణమని భావిస్తారు. కాలికి పెట్టి చూడటంలో ఉంది అసలు పనితనం. అది లేకపోతే ‘గాలి తగిలింది కదా, మనసుకి బాగుంది’ అనేసి ఊరుకునేవాళ్లం.

ఇంతకీ పాలియేటివ్ మెడిసిన్ వైద్యశాఖగా గుర్తింపు పొందడానికి చాలా కాలం పట్టింది. సెయింట్ క్రిస్టఫర్స్ మొదలైన ఇరవై ఏళ్లకి, 1987లో, బ్రిటన్ దీన్ని ప్రత్యేక వైద్యశాఖగా ఒప్పుకుంది. అమెరికాలో 2006లో గుర్తింపు వస్తే 2008లో మొదటి సర్టిఫికేషన్ పరీక్ష జరిగింది. అప్పటికీ మిగతా డాక్టర్ల మనసులో దీని స్థానం ఒకటే: మేం చేయాల్సిందంతా అయిపోయాక పంపించే చోటు. ఆ అభిప్రాయాన్ని గట్టిగా కదిలించింది జెనిఫర్ టెమెల్ బృందం 2010లో బోస్టన్ నుంచి ప్రచురించిన అధ్యయనం. ఊపిరితిత్తుల కేన్సర్ ముదిరిన 151 మందిలో కొందరికి మొదటి నుంచే కేన్సర్ చికిత్సతోపాటు పాలియేటివ్ టీము తోడుగా ఉంది. వాళ్లకి కుంగుబాటు తగ్గింది, చివర్లో వృథా కీమోలు తగ్గాయి. పైగా మధ్యగత జీవితకాలం 8.9 నెలలకి బదులు 11.6 నెలలయింది. తరవాత వచ్చిన అధ్యయనాలన్నిటిలో ఆయుర్దాయం ఇలా పెరగలేదు, కాబట్టి ఆ అంకెను పట్టుకుని ఊగిపోనక్కర్లేదు. ఉన్న రోజులు బాగుపడటం మాత్రం మళ్లీ మళ్లీ రుజువైంది.

మన దేశం కథలో ఒక ముడి ఉంది, దాన్ని విప్పినవాళ్ల ఓపిక కూడా పనితనమే. చట్టబద్ధంగా నల్లమందు పండించే అతికొద్ది దేశాల్లో భారత్ ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండుతుంది. అదే దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఆస్పత్రుల్లో మార్ఫిన్ దాదాపు మాయమైపోయింది. వాడకం తొంభై శాతానికి పైగా పడిపోయింది. రాష్ట్రానికో నిబంధన, కొన్నదానికో లైసెన్సు, తెచ్చినదానికో లైసెన్సు, నిల్వకి ఇంకోటి. అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఒకటి వచ్చేలోపు ఇంకోదాని గడువు తీరిపోయేది. రాతలో తప్పు దొర్లితే జైలు. మందుల షాపులు, ఆస్పత్రులు మనకెందుకని వదిలేశాయి. ఎముకల్లో కేన్సర్ పాకిన మనిషి ఆ సలుపును పారాసిటమాల్‌తో భరించాల్సి వచ్చింది.

1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డా. ఎం.ఆర్. రాజగోపాల్, డా. సురేష్ కుమార్, వాళ్లతోపాటు కొందరు కార్యకర్తలు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలుపెట్టారు. రాజగోపాల్ మత్తు డాక్టరు. ఆ రోజులకి ముందు తన దగ్గరికి వచ్చిన ఒక రోగి గురించి ఆయన చాలా వేదికల మీద చెప్పారు. కేన్సర్‌తో ముఖం నొప్పి పుట్టి భరించలేకపోతున్న ఒక కాలేజీ లెక్చరర్‌కి ఆయన నరానికి మత్తు సూది ఇచ్చారు, నొప్పి పూర్తిగా పోయింది. కేన్సర్‌కి మాత్రం ఇక చికిత్స లేదన్న సంగతి ఆ తరవాతి మాటల్లో బయటపడింది. ఆ రాత్రే ఆ లెక్చరర్ ప్రాణం తీసుకున్నాడు. సూది తప్పు కాలేదు, నొప్పి తగ్గింది. మనిషి మాత్రం డాక్టరు చూపులో పడలేదు. అలాంటి సంగతిని దాచుకోకుండా ముప్పై ఏళ్లుగా విద్యార్థుల ముందు పెట్టి, ఇక్కడ ఏం అడిగి ఉండాల్సింది అని చర్చకి తెస్తున్నారు. ఆపరేషన్ వికటిస్తే సర్జన్లు కూర్చుని మాట్లాడుకున్నట్టే, మాట వికటించినప్పుడు కూడా మాట్లాడుకోవాలన్నది ఈ శాఖ తెచ్చిన క్రమశిక్షణ.

కేరళలో తరవాత జరిగింది ప్రసిద్ధమే. ఊరూరా వాలంటీర్లు, పంచాయతీలు, 2008లో రాష్ట్ర ప్రభుత్వ విధానం. చట్టం ముడి మాత్రం 2014లో వీడింది. పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, అత్యవసరమైన నొప్పి మందులకి దేశమంతటా ఒకే రకం నిబంధనలు పెట్టింది. గుర్తింపు పొందిన ఆస్పత్రికి డ్రగ్ కంట్రోలరు ఇచ్చే ఒక్క అనుమతి చాలు. ఈ సవరణ కోసం రాజగోపాల్, ఆయన 2003లో స్థాపించిన పాలియం ఇండియా సంస్థ, మిగతా డాక్టర్లు, న్యాయవాదులు ఏళ్ల తరబడి ఢిల్లీ ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఫైలు కదిలించడానికి కావలసిన వివరం, నెమ్మది, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం చూస్తే, మంచం పక్కన పనికొచ్చే గుణాలే అక్కడా పనికొచ్చాయనిపిస్తుంది.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో డా. గాయత్రీ పాలాట్ నిర్మించిన పాలియేటివ్ విభాగం మన దగ్గర ఈ పనికి పెద్ద బడి. పెద్దలకే కాక కేన్సర్ వచ్చిన పిల్లలకీ అక్కడ ఈ సేవ నడుస్తోంది. పిల్లల నొప్పిని కొలవడం వేరే విద్య. మాటలు రాని పసివాడి ముఖం ముడత, కాళ్ల కదలిక, ఏడుపు తీరు చూసి అంకె వేస్తారు. కాస్త పెద్ద పిల్లలకి నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా వరసగా గీసిన బొమ్మలు చూపిస్తారు. బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు 2011లో స్పర్శ్ హాస్పిస్ తెరిచింది. తెలంగాణ ప్రభుత్వం జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ వార్డులు పెట్టి, ఇంటికే వెళ్లి చూసే వాహనాలకి ‘ఆలన’ అని పేరు పెట్టింది. దేశంలో ఎం.డి. కోర్సు 2012లో ముంబై టాటా ఆస్పత్రిలో మొదలైంది. అయినా అవసరంతో పోలిస్తే ఈ చదువు చదివినవాళ్లు చాలా తక్కువ. జిల్లాల్లో భారమంతా మోస్తున్నది కొద్దివారాల శిక్షణ పొందిన నర్సులు. ఈ వృత్తి గురించి మాట్లాడేటప్పుడు డాక్టర్ల పేర్లే వినిపించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంటికి వెళ్లే నర్సు సంచిలో ఏముంటుందో చూడండి. బీపీ మిషను, గ్లౌజులు, గాజుగుడ్డ, ఉప్పునీరు, మూత్రం గొట్టం మార్చే సామాను, నోరు తుడిచే దూది, మెట్రోనిడజోల్ మాత్రలు. ఆ చివరిది పుండు కోసం. నోటి కేన్సర్, రొమ్ము కేన్సర్ పుండ్లు కుళ్లినప్పుడు వచ్చే వాసన నొప్పి కంటే ఎక్కువగా మనిషిని ఒంటరిని చేస్తుంది. మనవలు దగ్గరికి రారు, రోగి తనే గది మూల చేరతాడు. ఆ వాసన గాలి సోకని చోట పెరిగే సూక్ష్మజీవుల వల్ల వస్తుంది కాబట్టి, మెట్రోనిడజోల్ మాత్రని మెత్తగా నూరి, కడిగిన పుండు మీద చల్లి కట్టు కడతారు. కొన్ని రూపాయల మాత్ర. కొద్దిరోజుల్లో వాసన తగ్గుతుంది. కట్టు అంటుకుపోయి ఉంటే లాగకుండా ఉప్పునీటితో నానబెట్టి తీయడం, తీసేముందు నొప్పి మాత్ర వేశారో లేదో అడగడం, ఆ తరవాత ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టి వాళ్ల చేత కట్టించడం, ఇదంతా ఆ సంచితో వచ్చే చదువే.

రోగి మాట వినడం కూడా ఆ చదువులో భాగమే. సలుపు అన్నారా, మంట అన్నారా, కరెంటు షాకు కొట్టినట్టుంది అన్నారా, కడుపు మెలిపెడుతోంది అన్నారా, ప్రతిదానికీ దారి వేరు. మంట, షాకు అంటే నరం నొప్పి, మార్ఫిన్ ఒక్కదానితో లొంగదు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి తోడవ్వాలి. ఎముక సలుపుకి ఒక్కసారి ఇచ్చే రేడియేషన్ చాలామందికి బాగా పనిచేస్తుంది. మెలిపెట్టే నొప్పికి పేగు బిగుతును సడలించే మందు. రోగి ఏ మాట వాడాడో ఆ మాటే కేసు షీటులో రాయమని మంచి గురువులు చెబుతారు.

అన్నిటికంటే కష్టమైన పని గది బయట వరండాలో మొదలవుతుంది. మన ఇళ్లలో కొడుకు ముందుగా డాక్టరుని పక్కకి పిలుస్తాడు. “మేడమ్, నాన్నకి మాత్రం చెప్పకండి. తెలిస్తే తట్టుకోలేరు.” పని తెలియనివాళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. సరే అని తలూపి అబద్ధంలో భాగమవుతారు, లేకపోతే రోగి హక్కు అని వాదనకి దిగుతారు. పని తెలిసినవాళ్లు కొడుకుని కూర్చోబెడతారు. “ఇన్ని నెలలుగా ఒక్కరే మోస్తున్నారు కదా బాబూ ఇదంతా. చెబితే ఏమవుతుందని భయం?” అని అడిగి, చెప్పేదంతా వింటారు. ఆ తరవాత ఒక హామీ ఇస్తారు: “అడగనిదే నేను ఆయనకి ఏదీ చెప్పను. అడిగితే అబద్ధం మాత్రం చెప్పలేను. ఆయనకేం తెలుసో కనుక్కోనిస్తారా?” మంచం దగ్గరికి వెళ్లి “పెద్దాయనా, మీ ఒంట్లో సంగతి మీకేమనిపిస్తోంది?” అంటారు. అన్నాక ఊరుకుంటారు. ఆ ఊరుకోవడాన్ని విడిగా నేర్పుతారు, ఎందుకంటే నిశ్శబ్దాన్ని మాటలతో పూడ్చేయాలని డాక్టరుకి తొందర పుడుతుంది. ఆ తొందరని ఆపుకుంటే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: “నాకు తెలుసమ్మా. మావాడికి చెప్పకండి, బెంగపడతాడు.”

చెప్పే ముందు రోగికి ఏం తెలుసో కనుక్కోవడం, ఎంత తెలుసుకోవాలనుందో అడగడం, చెప్పాక ఆ దుఃఖానికి చోటివ్వడం, ఈ క్రమాన్ని ఆరు మెట్లుగా 2000లో వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్మన్ బృందం రాసిపెట్టింది. మెట్లుగా రాస్తే కృత్రిమం అవుతుందని విమర్శ ఉంది. సంగీతంలో సరళీ వరసలు కూడా కృత్రిమమే. మొదటిసారి చావు కబురు చెప్పబోయే ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్‌కి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

చివరి రోజుల్లో చేసేదానికంటే మానేసేది ఎక్కువ. కొలెస్ట్రాల్ మాత్ర, విటమిన్లు, రోజువారీ రక్తపరీక్షలు ఒక్కొక్కటీ తీసేస్తారు. ఏది ఎప్పుడు తీసేయాలో తెలియడం ఏది రాయాలో తెలియడమంత కష్టం. ఇంట్లోవాళ్లని అన్నిటికంటే కలచివేసేది అన్నం. ‘కడుపు మాడ్చి పంపిస్తామా’ అని అడుగుతారు. శరీరం ఆకలి అడగడం మానేసిందని, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, సెలైన్ ఎక్కువైతే కాళ్లకి నీరు, గొంతులో గుర్రు పెరుగుతాయని నెమ్మదిగా చెప్పి, బదులుగా చేయడానికి ఒక పని ఇస్తారు: తడి దూదితో పెదాలు, నాలుక గంటగంటకీ తడపడం. గొంతు తడపడం మన ఇళ్లలో పవిత్రమైన పని, దాన్ని రోజంతా చేసే వైద్యంగా కుటుంబం చేతిలో పెడతారు. గుర్రు వినిపిస్తే పక్కకి ఒత్తిగిలించి, స్రావాలు తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆ చప్పుడు మనకి వినడానికి బాధే గానీ ఆయనకి తెలియట్లేదని ముందే చెప్పి ఉంచుతారు. ముందే చెప్పడంలో ఉంది కిటుకు. ఆ క్షణంలో చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. వెంటిలేటర్ వద్దనుకునేవాళ్లు ముందుగానే రాసిపెట్టుకునే వీలును సుప్రీంకోర్టు 2018లో ఇచ్చింది, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఆ కాగితం గురించి ఓపికగా మాట్లాడటం కూడా ఇప్పుడు ఈ డాక్టర్ల పనిలో చేరింది.

మనిషి పోయాక కూడా ఫైలు మూయరు. కొన్ని వారాలకి నర్సో, కౌన్సెలరో ఫోన్ చేస్తారు, వీలైతే ఇంటికి వెళతారు. ఎవరు నిద్రపోవడం లేదు, ఎవరు పనిలోకి వెళ్లడం మానేశారు, పిల్లలు బడికి పోతున్నారా, వితంతు పింఛను కాగితాలు పెట్టారా, అప్పు ఎంత మిగిలింది, ఇవన్నీ అడిగి రాసుకుంటారు. దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేస్తారు: “ఆ మార్ఫిన్ మేమే వేశాం కదా సిస్టర్, దాని వల్లే తొందరగా పోయారా?” అప్పుడు ఊరడింపు మాటలు చాలవు. సిస్టర్ కేసు షీటు తెరుస్తుంది. ఏ రోజు ఎంత డోసు, ఆ రోజు ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు, పిలిస్తే పలికారా, ఎప్పుడు పెంచారు, ఎందుకు పెంచారు, తారీఖుల వారీగా ఆ ఇంటివాళ్ల ముందు చదువుతుంది. అలా చదివి వినిపించగలగాలంటే, ఆ రాతలు ఆయన బతికుండగానే ఏ రోజుకారోజు సరిగ్గా రాసి ఉండాలి.